కృష్ణా డెల్టా తీరం: ఒండ్రు రవాణా, గణిత నమూనాలు

కృష్ణా డెల్టా తీరం అంటే నిజాంపట్నం అఖాతం నుంచి దివిసీమ మొనల మీదుగా మచిలీపట్నం దాటి ఉత్తరాన సాగే బంగాళాఖాతపు ఒడ్డు. ఇది రాతి మీద నిలిచిన తీరం కాదు. పడమటి కనుమల నుంచి, దక్కను పీఠభూమి నల్లరేగడి నేలల నుంచి నది మోసుకొచ్చిన ఒండ్రును, ఇసుకను, బంకమన్నును సముద్రపు అలలు, ప్రవాహాలు, పోటుపాట్లు వేల ఏళ్లపాటు అటూ ఇటూ సర్ది పేర్చగా ఏర్పడిన నేల ఇది. నీటితోపాటు కదిలి ఎక్కడో ఒకచోట పేరుకునే ఇలాంటి పదార్థాన్నంతటినీ శాస్త్ర పరిభాషలో అవక్షేపం అంటారు. అది ఎంత వస్తోందో, ఎటు పోతోందో, ఎక్కడ నిలుస్తోందో కొలిచి, ఆ కదలికను సమీకరణాలుగా రాసి, కంప్యూటరులో నడిపి చూసి, రాబోయే కాలంలో ఒడ్డు ఎక్కడ ఉండబోతుందో అంచనా కట్టడం తీర సముద్ర శాస్త్రజ్ఞుల పని. కృష్ణా తీరం విషయంలో ఈ పని సముద్రంలో మొదలైనా అక్కడితో ముగియదు. ఒడ్డు ఎందుకు తరుగుతోందన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పరిశోధకుడు నది వెంట పైకి నడిచి, విజయవాడ బ్యారేజీని, ఆపైన నాగార్జునసాగరాన్ని, శ్రీశైలాన్ని లెక్కలోకి తీసుకోవలసి వస్తుంది.

నది కట్టిన నేల

మహాబలేశ్వరం దగ్గర పుట్టి సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించే కృష్ణ, దాదాపు 2,59,000 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతపు నీటిని మోసుకొని, విజయవాడలో ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమ ఉన్న ఇరుకు దారి గుండా మైదానంలోకి అడుగుపెడుతుంది. డెల్టాకు శిరస్సు అక్కడే. 1852లో మొదలై 1855లో పూర్తయిన మొదటి ఆనకట్టనూ, అది 1952 వరదలో దెబ్బతిన్నాక 1957 నాటికి లేచిన ప్రకాశం బ్యారేజీనీ ఆ ఇరుకులోనే కట్టడానికి కారణం కూడా ఈ భూమి తీరే. అక్కడి నుంచి దిగువకు సాగిన నది పులిగడ్డ దగ్గర మొదటిసారి చీలుతుంది. తూర్పు పాయ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దక్షిణంగా సాగిన పెద్ద పాయ మళ్లీ గొల్లమట్టపాయ, నడిమిఏరు, అసలు కృష్ణ అనే పాయలుగా విడిపోతుంది. ఈ పాయల నడుమ ఉన్నదే దివిసీమ.

డెల్టా ఎలా పెరిగిందో ఇక్కడి ఊళ్ల పేర్లే చెబుతాయి. నది మధ్య మేట వేసిన నేలను లంక అని, ఇసుక పేరుకున్న మిట్టను దిబ్బ అని, నీటి నడుమ కాస్త ఎత్తుగా తేలిన నేలను తిప్ప అని, ఏరు సముద్రంలో కలిసే నోటిని మొగ అని, పోటునీరు ఎక్కి దిగే చవిటి బయలును పర్ర అని ఈ ప్రాంతంలో అంటారు. నాగాయలంక, లంకెవానిదిబ్బ, ఎలిచెట్లదిబ్బ, పాలకాయతిప్ప, ఏటిమొగ వంటి పేర్లను పటం మీద వరుసగా గుర్తిస్తే, భూస్వరూప శాస్త్రజ్ఞుడు ఉపగ్రహ చిత్రం చూసి గీసే విభజనకు అవి చాలాచోట్ల దగ్గరగా వస్తాయి. బడిలో భూగోళం చెప్పేటప్పుడు ఈ మాటలను వదిలేసి సంస్కృత సమాసాలనే నేర్పడం వల్ల తీరప్రాంత పిల్లలు తమ ఊరి పేరులోనే ఉన్న శాస్త్రాన్ని గుర్తుపట్టలేకపోతున్నారు.

సుమారు ఆరువేల ఏళ్ల కిందట ప్రపంచ సముద్రమట్టం దాదాపు స్థిరపడిన తర్వాత డెల్టా ముందుకు పెరగడం వేగం పుంజుకుంది. ఆ పెరుగుదల ఆగి ఆగి జరిగిందనడానికి సాక్ష్యాలుగా, నేటి ఒడ్డుకు చాలా లోపల, ఒకదానికొకటి సమాంతరంగా సాగే పాత ఇసుక మెరకలు కనిపిస్తాయి. ఒక్కొక్క మెరక ఒకనాటి సముద్రపు ఒడ్డు. ఇసుక నేల, కాస్త ఎత్తు, తాగడానికి పనికొచ్చే నీరు ఉన్నందువల్ల ఊళ్లూ బాటలూ తాటితోపులూ ఈ మెరకల మీద నిలిచాయి. వాటి నడుమ పల్లంలో వరి పండుతుంది. మెరకను తవ్వి అందులో దొరికిన గుల్లలకూ, పల్లంలోని కుళ్లిన మొక్కల పొరలకూ రేడియో కార్బన్ పద్ధతిలో వయసు కడితే, ఏ కాలంలో ఒడ్డు ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు కృష్ణా, గోదావరి డెల్టాల పరిణామాన్ని ఇలాంటి ఆధారాలతో దశాబ్దాలపాటు పరిశోధించారు.

అల, ప్రవాహం, గింజ

ఒడ్డున ఇసుకను కదిలించే ప్రధాన శక్తి అల. లోతు నీటిలో అల సాగిపోతున్నప్పుడు నీరు దాదాపు ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతుంది. లోతు తగ్గేకొద్దీ ఆ సుడి నేలను తాకి గింజలను లేపుతుంది, చివరికి అల విరిగి తన శక్తినంతా ఒడ్డు మీద కుమ్మరిస్తుంది. అల ఒడ్డుకు నిటారుగా రాక ఏటవాలుగా వచ్చినప్పుడు, విరిగిన నీరు ఒడ్డు పొడవునా ఒక ప్రవాహమై సాగి, లేచిన ఇసుకను తీసుకుపోతుంది. తీరం వెంబడి ఇసుక నడక అనదగిన ఈ కదలిక ఏడాదికి లక్షల ఘన మీటర్లలో ఉంటుంది. నైరుతి రుతుపవన కాలంలోనూ, దానికి కాస్త ముందూ అలలు దక్షిణం వైపు నుంచి వస్తాయి కనుక ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. ఈశాన్య రుతుపవనంలో కొన్నాళ్లు దక్షిణానికి తిరుగుతుంది. ఒకదాని నుంచి మరొకటి తీసివేసి చూస్తే భారత తూర్పు తీరంలో మిగిలే నికర నడక ఉత్తరం వైపే. 1991లో పి. చంద్రమోహన్, బి.యు. నాయక్ దేశ తీరం పొడవునా వేసిన లెక్కలూ, తర్వాత గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు చేసిన కొలతలూ ఈ నిర్ణయాన్ని బలపరిచాయి.

ఈ నడక అల ఎత్తు మీద ఎంతగా ఆధారపడుతుందో గమనించాలి. ఎక్కువగా వాడే సూత్రం ప్రకారం రవాణా అయ్యే ఇసుక, విరిగే అల ఎత్తు యొక్క రెండున్నర ఘాతంతో పెరుగుతుంది. అంటే అల ఎత్తు రెట్టింపైతే ఇసుక రవాణా దాదాపు అయిదున్నర రెట్లవుతుంది. ఏడాదంతా మీటరు ఎత్తు అలలు చేసిన పనిలో పెద్ద భాగాన్ని ఒక తుపాను రెండు మూడు రోజుల్లో చేయగలగడానికి కారణం ఇదే. అల వచ్చే కోణానికీ అంతే ప్రాముఖ్యం ఉంది. కోణం సుమారు నలభై అయిదు డిగ్రీల దాకా పెరిగేకొద్దీ రవాణా పెరిగి, అది దాటితే తగ్గుతుంది. అందువల్ల బాగా ఏటవాలుగా అలలు కొట్టే తీరంలో చిన్న వంపు తనంతట తానే పెరిగి, సముద్రంలోకి చాచిన ఇసుక నాలుకగా మారుతుందని 2001లో ఆష్టన్, మర్రే అనే అమెరికా పరిశోధకులు, వారి సహచరులు గణితంతో చూపారు. కృష్ణా మొగల పక్కన కొక్కెంలా వంగిన ఇసుక నాలుకలను అర్థం చేసుకోవడానికి ఈ వివరణ ఎంతో ఉపకరిస్తుంది.

గింజ పరిమాణం మరో ముఖ్య విషయం. ఒక గాజు గొట్టంలో పది మీటర్ల లోతున నిశ్చలమైన నీరు ఉన్నదనుకొని, పైనుంచి మిల్లీమీటరులో అయిదో వంతు ఉన్న ఇసుక గింజను వదిలితే అది పది నిమిషాల లోపే అడుగుకు చేరుతుంది. అదే గొట్టంలో మిల్లీమీటరులో అయిదు వందలవ వంతు ఉన్న బంకమట్టి రేణువు దిగడానికి సుమారు నెల పడుతుంది. అందుకే వరద తెచ్చిన ఇసుక మొగ దగ్గరే దిగి అలల చేతికి చిక్కితే, బంకమన్ను ఎర్రటి, బూడిదరంగు తెరలుగా సముద్రంలోకి చాలా దూరం పోతుంది. అయితే ఉప్పునీటిలో బంక రేణువులు ఒకదానికొకటి అంటుకొని గుత్తులుగా మారి, విడి రేణువుల కంటే ఎన్నో రెట్ల వేగంగా దిగుతాయి. నల్లరేగడి నేలల నుంచి వచ్చే కృష్ణ ఒండ్రులో ఇలా అంటుకునే బంక ఎక్కువ. నిజాంపట్నం అఖాతం వంటి అలల ఉధృతి తక్కువగా ఉన్న చోట్ల అది దిగి బురద బయళ్లయి, ఆ బురద మీద మడ అడవులు పెరిగాయి.

అధ్యయన చరిత్ర

తెలుగునాట సముద్ర శాస్త్రం వాల్తేరులో మొదలైంది. 1950ల తొలినాళ్లలో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, భూగర్భ శాస్త్రాచార్యుడు సి. మహాదేవన్ తదితరులతో కలిసి బంగాళాఖాతపు కొలతలకు పునాది వేశాడు. 1954లో విశ్వవిద్యాలయం వెలువరించిన సముద్ర శాస్త్ర సంపుటిలో లఫాండ్, ఆర్. ప్రసాదరావు కలిసి రాసిన వాల్తేరు ఇసుక తీరపు కోత చక్రాల వ్యాసం ఉంది. ఋతువుల వెంట ఒడ్డున ఇసుక తరిగి తిరిగి పేరుకునే తీరును అందులో నమోదు చేశారు. పద్ధతి చాలా సాదాసీదాది: ఒడ్డున కదలని గుర్తు ఒకటి పెట్టుకొని, దాని నుంచి నీటి దాకా కొలకర్రలతో ఇసుక ఎత్తును మళ్లీ మళ్లీ కొలవడం. ఇప్పుడు ఉపగ్రహ స్థాననిర్ణయ పరికరాలు వచ్చినా పని స్వభావం మారలేదు. కొలత అదే చోట, అదే గుర్తు నుంచి, ఏళ్ల తరబడి సాగితేనే దానికి విలువ. 1964లో లఫాండ్ తూర్పు తీరానికి ఆవల ఖండపు వాలులో ఉన్న సముద్రగర్భ లోయలను వివరిస్తూ వాటికి ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అనే పేర్లు వాడాడు. ఇలాంటి లోయలోకి జారిన ఇసుక మళ్లీ ఒడ్డుకు రాదు కనుక ఒండ్రు లెక్కలో అది శాశ్వతమైన ఖర్చు.

1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, 1976లో విశాఖపట్నంలో దాని ప్రాంతీయ కేంద్రం, 1999లో హైదరాబాదులో భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఏర్పడ్డాయి. ఇన్‌కాయిస్ అన్న పొడి పేరుతో పిలిచే ఈ చివరి సంస్థ, మత్స్యకారులకు రోజూ అలల సూచనలు ఇస్తూ, తీరంలో అక్కడక్కడా అలలను కొలిచే తేలుడు బోయాలను నడుపుతోంది. వాటిలో ఒకటి ఉన్న కృష్ణపట్నం నెల్లూరు తీరంలోనిది. పేరు చూసి దాన్ని కృష్ణా మొగల కొలతగా పొరబడకూడదు.

నమూనా అంటే ఒక పద్దు

తీరరేఖ నమూనాల మూల సూత్రం ఇంటి జమాఖర్చు వంటిది. తీరాన్ని చిన్న చిన్న ఖండాలుగా విడగొట్టి, ఒక్కో ఖండంలోకి ఎంత ఇసుక వచ్చింది, ఎంత బయటికి పోయింది అని రాసుకుంటే, మిగులు ఉన్న చోట ఒడ్డు ముందుకు పెరుగుతుంది, లోటు ఉన్న చోట వెనక్కి తగ్గుతుంది. ఉదాహరణకు కిలోమీటరు పొడవున్న ఒక ఖండంలోకి ఏడాదికి అయిదు లక్షల ఘన మీటర్ల ఇసుక వచ్చి, అయిదున్నర లక్షలు బయటికి పోయిందనుకుంటే లోటు యాభై వేలు. ఇసుక మెరక పైనుంచి అలలు ఇసుకను కదిలించగల అడుగు దాకా మొత్తం ఎత్తు ఎనిమిది మీటర్లు అనుకుంటే, ఆ లోటు పూడడానికి ఒడ్డు ఆ ఏడాదిలో ఆరుంబావు మీటర్లు వెనక్కి పోవాలి. రావడం పోవడాల్లో పదోవంతు తేడాయే పల్లెను ఒడ్డు నుంచి కదిలిస్తుందన్నమాట. తీరాన్ని ఒకే గీతగా భావించే ఈ రకపు లెక్కను 1956లో ఫ్రెంచి ఇంజనీరు పెల్నార్ కాన్సిదేర్ మొదట రూపొందించాడు. నేటి తీరరేఖ నమూనాలు చాలావరకు ఆ ఆలోచనకు విస్తరణలే.

మొగల దగ్గర ఒకే గీత చాలదు. అక్కడ నది వేగం, పోటుపాట్లు, అలలు, ఉప్పునీరు మంచినీరు కలిసే తీరు అన్నీ ఒకేచోట పనిచేస్తాయి. అందువల్ల సముద్రాన్ని, మొగను గడులుగా విభజించి, ప్రతి గడిలోనూ నీటి మట్టాన్ని, ప్రవాహ వేగాన్ని, తేలాడే ఒండ్రు సాంద్రతను, అడుగున దొర్లే ఇసుకను క్షణక్షణం లెక్కించే నమూనాలు వాడతారు. నెదర్లాండ్స్‌లో పుట్టిన డెల్ఫ్ట్3డి, డెన్మార్క్‌లో పుట్టిన మైక్21 ఇలాంటివాటిలో ప్రసిద్ధమైనవి. లోతు సముద్రపు అలలు ఒడ్డుకు చేరేలోగా ఎలా వంగుతాయో స్వాన్ అనే నమూనా లెక్కిస్తుంది. అలల లెక్క ప్రవాహాల లెక్కకు, అది ఒండ్రు లెక్కకు అందుతుంది. ఒండ్రు కదిలి నేల మట్టం మారగానే ఆ కొత్త లోతు మళ్లీ అలల లెక్కను మారుస్తుంది. ఈ చక్రం కంప్యూటరులో లక్షలసార్లు తిరుగుతుంది.

నమూనా ఫలితం అందంగా రంగుల్లో వచ్చినంత మాత్రాన నిజం కాదు. మొదట ఒక గడిచిన కాలానికి దాన్ని నడిపి, నిజంగా కొలిచిన తీరరేఖతో, అలలతో, ప్రవాహాలతో సరిపోల్చి, తెలియని గుణకాలను సవరించాలి. ఆ తర్వాత సవరణకు వాడని మరో కాలానికి నడిపి పరీక్షించాలి. కృష్ణా తీరంలో ఈ రెండో మెట్టు కష్టమైనది, ఎందుకంటే మొగల దగ్గర అడుగు లోతులు వరద వరదకూ మారిపోతాయి. పాత నావిక పటం మీది లోతులతో నడిపిన నమూనా, ఈనాడు లేని కాలువలో నీటిని పారించి చూపుతుంది. బంకమన్ను ప్రవర్తన ఇంకా చిక్కు. ఇసుకకు రాసిన సూత్రాలు దానికి వర్తించవు. ఎంత వేగానికి అడుగు బురద లేస్తుందో ఆ చోటి మట్టిని తెచ్చి ప్రయోగశాలలో చూస్తే తప్ప తెలియదు.

ఒడ్డు వెనక్కి పోతోంది

కృష్ణా డెల్టా తరుగుదలను అంకెల్లో చూపిన ముఖ్య పరిశోధనలు రెండు. అంతర్జాతీయ జల యాజమాన్య సంస్థకు చెందిన గమాగే, స్మాఖ్తిన్ ఉపగ్రహ చిత్రాలను పోల్చి, సుమారు పాతికేళ్ల కాలంలో డెల్టా తీరం ఏడాదికి సగటున 77.6 హెక్టార్ల చొప్పున కోతకు గురైందనీ, ఈ కోత మేట కంటే మూడు రెట్లు ఎక్కువనీ 2009లో ప్రకటించారు. నదిలో వచ్చే నీరు యాభై ఏళ్ల కిందటితో పోలిస్తే మూడో వంతుకు పడిపోవడం, దానితోపాటు ఒండ్రు తగ్గడం ఇందుకు ప్రధాన కారణమని వారి నిర్ణయం. 2010లో నాగేశ్వరరావు బృందం పాత సర్వే పటాలను, ఉపగ్రహ చిత్రాలను కలిపి చూసి, కృష్ణా గోదావరి జంట డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో 1965, 2008 నడుమ 76 చదరపు కిలోమీటర్ల నేల నికరంగా పోయిందని తేల్చింది. ఇదే పరిశోధన ప్రకారం 1966–69 నడుమ ఏడాదికి 90 లక్షల టన్నులున్న కృష్ణ ఒండ్రు 2000–05 నాటికి 4 లక్షల టన్నులకు దిగజారింది. ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించి జేమ్స్ సివిట్‌స్కీ బృందం 2009లో వెలువరించిన వ్యాసంలో కృష్ణ ఒండ్రు తగ్గుదలను 94 శాతంగా చూపారు. వేర్వేరు పద్ధతులతో వేర్వేరు చోట్ల పనిచేసినవారు ఒకే దిశలో ఇంత దగ్గరి అంకెలకు రావడం ఈ విషయంలో సందేహానికి చోటు లేకుండా చేస్తుంది.

తగ్గిన ఒండ్రు ఎక్కడికి పోయింది? జలాశయంలోకి అడుగుపెట్టిన నీటి వేగం ఒక్కసారిగా పడిపోతుంది. గింజలు అక్కడే దిగి పూడికగా పేరుకుంటాయి. శ్రీశైలం జలాశయం పూర్తి నిల్వ మొదట 308 టీఎంసీలు, ఇప్పుడు లెక్కలోకి తీసుకునేది 215.8 టీఎంసీలు; నాగార్జునసాగర్‌ది 408 నుంచి 312కు తగ్గింది. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. శ్రీశైలంలోనే తగ్గిన 92 టీఎంసీలు సుమారు 260 కోట్ల ఘన మీటర్ల చోటుతో సమానం. సర్వే పద్ధతులు మారడం వల్ల ఈ తేడాలో కొంత అటూ ఇటూ ఉండవచ్చు గాని, డెల్టాకు చేరవలసిన మన్ను జలాశయాల అడుగున ఉన్నదన్న మాటలో తప్పు లేదు. పూడికను జలాశయపు నష్టంగానే చూడడం మన ఇంజనీరింగు సంప్రదాయంలో పాతుకుపోయింది. అదే పూడిక దివిసీమకు రావలసిన భూమి అని చూడగలిగినప్పుడే సమస్య మొత్తం కళ్లకు కడుతుంది.

నీరే తగ్గిపోవడం దీనికి తోడైంది. 1901–60 నడుమ కృష్ణ ఏడాదికి సగటున 57 ఘన కిలోమీటర్ల నీటిని సముద్రానికి చేర్చగా, 2000 నాటికి అది 10.8 ఘన కిలోమీటర్లకు, కరువు ఏడాది 2003లో 0.75 ఘన కిలోమీటర్లకు పడిపోయిందని అంతర్జాతీయ జల యాజమాన్య సంస్థే 2007లో నివేదించింది. నీటితో నిండిన ఏళ్లు లేకపోలేదు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా, 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు పోయింది. కానీ పైన జలాశయాల్లో మన్ను దిగవిడిచి వచ్చిన నీరు ఎంత పెద్దదైనా, ఆ మన్నును తిరిగి తేలేదు. అలాంటి నీరు దిగువ నది గర్భాన్నీ గట్లనూ కోసుకొని తన ఆకలి తీర్చుకుంటుంది. నది గర్భం నుంచి ఇసుక తవ్వి తీసుకుపోవడం వల్ల ఈ చివరి నిల్వ కూడా తరుగుతోంది.

తరుగుదల తీరంలో ఎలా కనిపిస్తుందంటే, మొదట ఇసుక మెరక సన్నబడుతుంది, పెద్ద అలలు దాని మీదుగా దాటి ఇసుకను వెనకనున్న మడ అడవిలోకి విసురుతాయి, ఊపిరి వేళ్లు ఇసుక కింద కూరుకుపోయి మడచెట్లు చస్తాయి. కొన్నేళ్లకు ఒడ్డు ఆ చెట్లను దాటి వెనక్కి పోగా, అలల నడుమ ఎండిన మొదళ్లు నిలబడి ఉంటాయి. అలలు విరిగే చోట మడచెట్టు మొలవదు కనుక, అలల్లో నిలిచిన ప్రతి మొదలూ ఒడ్డు ఒకప్పుడు ఇంకా ముందుకు ఉండేదని రుజువు. 1989లో ఏర్పడి సుమారు 195 చదరపు కిలోమీటర్లలో విస్తరించిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యానికి ఇది నేరుగా తగిలే నష్టం.

ఇక్కడ ఒక అంకెను జాగ్రత్తగా చదవాలి. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990–2018 కాలానికి వేసిన లెక్కలో ఆంధ్రప్రదేశ్ తీరంలో 28.7 శాతం కోతకు గురవుతుండగా, దాదాపు సగం మేట వేస్తున్నట్టు ఉంది. ఈ సగటును చూసి రాష్ట్రానికి తీరకోత బెడద లేదనుకోవడం పొరపాటు. ఒక ఇసుక నాలుక చివర పెరిగిన నేలలో ఎవరూ నివసించరు, పంట పండదు. మొగ పక్కన పోయిన నేలలో అడవో, చెరువో, ఊరో ఉంటుంది. తీరం పొడవును శాతాల్లో కూడితే ఈ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నట్టు కనిపిస్తాయి.

ఉప్పెన

ఈ నేల ఎంత పల్లమో ఉప్పెనలు చూపాయి. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పై వేలమంది పోయారు. 1977 నవంబరు 19న చీరాల సమీపంలో తీరం దాటిన తుపానులో, కేంద్రానికి కుడివైపున ఉన్న దివిసీమ మీద గాలి సముద్రం నుంచి నేలకు వీచి, దాదాపు అయిదు మీటర్ల ఎత్తున నీటిని తోసింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. తుపాను కేంద్రం తాకిన చోటు కంటే దాని కుడి పక్క ఎక్కువ నీరు లేస్తుందన్న ఈ సత్యాన్ని నమూనాలు ముందుగా చెప్పగలవు. 1972లో పి.కె. దాస్ బంగాళాఖాతపు ఉప్పెనలకు తొలి గణిత నమూనా రాశారు. తెలుగువాడైన కెనడా శాస్త్రజ్ఞుడు టాడ్ మూర్తి 1984లో ఉప్పెనల మీద ప్రామాణిక గ్రంథం వెలువరించారు. ఢిల్లీ ఐఐటీలో ఎస్.కె. దూబే, ఎ.డి. రావు తదితరులు ఈ నమూనాలను ఆంధ్ర తీరానికి అనువుగా తీర్చారు. ఇన్‌కాయిస్ నేడు ఇచ్చే ఉప్పెన హెచ్చరికలు తీరం దగ్గర చిన్నవిగా, లోతు సముద్రంలో పెద్దవిగా ఉండే త్రికోణ గడుల నమూనా నుంచి వస్తాయి. తీరరేఖ, మెరకల ఎత్తు తాజాగా లేకపోతే ఈ హెచ్చరికా తప్పుతుంది: ఇరవై ఏళ్ల కిందటి మెరక నమూనాలో నిలబడి నీటిని ఆపుతూ ఉంటే, నిజంగా ఆ మెరక కొట్టుకుపోయి ఉండవచ్చు. ఒండ్రు పరిశోధన ప్రాణరక్షణతో కలిసే చోటు ఇదే.

రేవులూ గోడలూ

మచిలీపట్నం డచ్చి, ఇంగ్లీషు వర్తకుల కాలం నుంచీ పేరున్న రేవే అయినా, ఒడ్డు దగ్గర లోతు లేక పెద్ద ఓడలు దూరాన లంగరు వేసుకోవలసి వచ్చేది. అక్కడి గిలకలదిండి మొగలో ఇప్పటికీ ఇసుక మేట పడవలను ఇబ్బంది పెడుతూనే ఉంది. 2023 మేలో కొత్త ఓడరేవు పనులు ఆరంభమయ్యాయి. సముద్రంలోకి చాచిన అలల గోడ ఉత్తరానికి నడిచే ఇసుకను ఆపుతుంది కనుక దాని దక్షిణాన మేట, ఉత్తరాన కోత సహజం. చెన్నై రేవు కట్టిన తర్వాత మెరీనా బీచి విశాలం కావడం, రాయపురం ఒడ్డు కోసుకుపోవడం ఇందుకు అందరూ చూసిన ఉదాహరణ. విశాఖపట్నంలో రామకృష్ణా బీచికి రేవు తవ్విన ఇసుకను పోస్తూ రావలసిన అవసరం కూడా ఇలాంటిదే. కోతకు గురైన చోట రాళ్లు పేర్చితే ఆ చోటు నిలవవచ్చు గాని, కొరత పక్క ఊరికి జరుగుతుంది. ఆగిన ఇసుకను ఏటా గోడ దాటించి ఉత్తరాన పోయడం ఒక్కటే పద్దును సరిచేసే మార్గం. దాని ఖర్చును రేవు నిర్వహణలో మొదటి రోజు నుంచే చేర్చాలి.

ఇది ఒడ్డున ఆగే ఇసుక సంగతి; నది నుంచి రావలసిన ఒండ్రు సంగతి వేరు. కృష్ణా నీటిని 1970లలో బచావత్ ట్రిబ్యునల్ 2,060 టీఎంసీలుగా లెక్కగట్టి మూడు రాష్ట్రాలకు పంచింది. ఆ నీటిలో కలిసి రావలసిన ఒండ్రుకు ఆ పంపకంలో వాటా లేదు. డెల్టా తీరాన్ని నిలబెట్టాలంటే ముందుగా ఆ ఒండ్రును నిరంతరం కొలవాలి. పులిగడ్డ దిగువన ప్రతి పాయలోనూ వరద రోజుల్లో గంటగంటకు తేలాడే మన్నును, అడుగు ఇసుకను కొలిచే కేంద్రాలు, మొగల ఎదుట లోతులను ఏటా వరద తర్వాత తిరిగి సర్వే చేసే ఏర్పాటు, దివిసీమకు ఎదురుగా ఏడాది పొడవునా అలలను నమోదు చేసే ఒక బోయా కావాలి. ఇవి శాశ్వతంగా నడిచే ఏర్పాట్లు కావాలి. వాటి కొలతలు విశ్వవిద్యాలయాలకు, మత్స్యకార సంఘాలకు, రాష్ట్ర జలవనరుల శాఖకు ఒకేలా అందుబాటులో ఉండాలి.